వాసన పోయాకే రెండో కోటు

రాకెట్ కొనడం ఆసాన్. భాగాలు అతికించడమూ ఆసానే, పదేళ్ల పిల్లలు ఒక ఇత్వార్ కూర్చుంటే చేసేస్తారు. ముష్కిల్ అంతా రంగు దగ్గర మొదలవుతుంది. పోయిన నెల ఒక దావత్‌లో మాటల్లో మాటగా ఈ సంగతి అన్నందుకు, ఇక్కడ అమెరికాలో ఉన్న మన ఇళ్ల నుంచి రెండు మూడు ఫోన్లు వచ్చాయి. "భాయ్, మావాడి రాకెట్‌కి ఏ రంగు డబ్బా తేవాలి? పైన మెరిసే కోటు ఏది వేయాలి?" అని. జవాబు ఒక ముక్కలో చెప్పలేను. నాకు తెలిసిందంతా మా అబ్బా దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. ఆయన కథ పక్కన పెట్టి రంగుల సంగతి మాత్రం చెప్పమంటే నా వల్ల కాదు. కొంచెం సబర్ చేసి చదవండి.

ఈ రాకెట్లు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఒళ్లు అట్ట గొట్టం. రెక్కలు బల్సా, అంటే దూదిలా తేలికైన చెక్క. ముక్కు ప్లాస్టిక్. లోపల బొటనవేలంత మోటారు, 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు. దుకాణంలో తయారుగా దొరుకుతుంది, ఒక్కసారి కాలిస్తే దాని పని ఖతం. దూరంగా నిలబడి బ్యాటరీతో వెలిగిస్తారు. పైకి వెళ్లాక ముక్కు ఊడి పారాచూట్ తెరుచుకుంటుంది. కిందికొచ్చాక మోటారు మార్చి మళ్లీ ఎగరేసుకోవచ్చు. 1950లలో అమెరికా పిల్లలు ఇళ్లలో గొట్టాల్లోకి మందు కూరి వేళ్లు పోగొట్టుకునేవాళ్లు. నెబ్రాస్కాలోని నార్‌ఫోక్ అనే ఊళ్లో బూట్ల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, తన అన్నదమ్ముడు రాబర్ట్‌తో కలిసి 1954లో ఈ పద్ధతి తయారుచేశాడు. 1958లో వెర్నన్ ఎస్టెస్ పెట్టిన కంపెనీ దీన్ని ఇంటింటికీ చేర్చింది. మా చిన్నది ఈదీ డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నది ఆ కంపెనీ రాకెట్టే. బిగ్ బర్తా దాని పేరు. రెండడుగుల పొడవు, నాలుగు సెంటీమీటర్ల లావు, కింద నాలుగు పెద్ద రెక్కలు.

ఇక అబ్బా. పదమూడేళ్ల వయసులో బెజవాడ ఆటోనగర్‌లో ఒక పెయింటింగ్ షెడ్డులో షాగిర్ద్‌గా చేరారు. మొదటి రెండేళ్లు గన్ ముట్టనివ్వలేదట. లప్పం కలపడం, వాటర్ పేపర్ కొట్టడం, ఉస్తాద్‌కి చాయ్ తేవడం, అంతే పని. తర్వాత ముప్పై ఆరేళ్లు లారీలకు, బస్సులకు, కార్లకు రంగులు కొట్టారు. లారీ తలుపుల మీద ఆయన వేసిన గులాబీలు చూసి పక్క జిల్లాల నుంచి బండ్లు వచ్చేవి. ముక్కుకి ఒక తడి రుమాల్ కట్టుకునేవారు. అంతకుమించి ఇంతెజామ్ ఏదీ నేను చిన్నప్పుడు చూసిన ఏ షెడ్డులోనూ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రుమాల్ ఉతికితే ఆ రోజు బండి ఏ రంగో బకెట్‌లో నీళ్లు చెప్పేవి.

ఆ పనిలో ఆయనకి వాసన పోయింది. థిన్నరైనా, మల్లెపూలైనా ఆయన ముక్కుకి ఒకటే. బిర్యానీ దేగ్ మూత తీసినప్పుడు మేమంతా ఆహా అంటుంటే ఆయన మా ముఖాలు చూసి నవ్వుతారు. తర్వాత ఊపిరి కూడా తకలీఫ్ పెట్టింది. సిగరెట్ ముట్టని మనిషి. ఛాతీ డాక్టర్ అడిగిన మొదటి సవాల్, "మీరేం పని చేసేవారు?" జవాబు విని, రంగు, పొగ, దుమ్ము, ఈ మూడింటికీ దూరంగా ఉండమన్నారు. అప్పటి నుంచి జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది.

పోయిన చలికాలం డాలస్ దగ్గర మా ఇంటికి ఆరు నెలలకని వచ్చారు. ఇక్కడ ఆయనకి తోచేది కాదు. నడకకి వెళ్లినా వీధిలో పలకరించే మనిషి ఉండడు. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఒకరోజు దాని అలమారలో రాకెట్ డబ్బా కనిపించింది. గొట్టం తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని తిప్పారు. "గుడియా, దీనికి ఒళ్లంతా గీతలున్నాయి. ఇలాగే రంగు కొడితే ముసలోడికి సూటు వేసినట్టుంటది" అన్నారు. వచ్చిన ఇరవై రోజుల్లో ఆయన గొంతులో అంత హుషారు నేను వినడం అదే మొదటిసారి.

ఆ గీతల సంగతే ముందు చెప్పాలి. అట్ట గొట్టాన్ని కాగితం పట్టీ మెలికగా చుట్టి చేస్తారు, అందుకే మెలిక గీత కనిపిస్తుంది. బల్సా చెక్కకేమో నార, సన్న రంధ్రాలు. మెరిసే రంగు ఏ లోపాన్నీ దాచదు, పైగా ఎత్తి చూపిస్తుంది. చెక్క పనికి వాడే నీళ్ల లప్పాన్ని కాస్త పల్చగా చేసి రెక్కలకు, గొట్టం మీది గీతలకు వేలితో రాసి, ఆరాక 220 నంబర్ ఉప్పు కాగితంతో, తర్వాత 320, 400తో రుద్దాలి. రాసినదంతా దాదాపు మళ్లీ రుద్దేయాలి, సందుల్లో ఉన్నది మాత్రం మిగలాలి. పిల్లలకు ఇది అర్థం కాదు. "వేసిందంతా తీసేయడమెందుకు, దాదా?" అంది మా చిన్నది. "నేను రెండేళ్లు ఇదే అడిగాను" అన్నారాయన.

దుమ్ము ఆయనకు పనికిరాదు కాబట్టి రుద్దడమంతా అది పెరట్లో, మాస్కు పెట్టుకుని చేసింది. ప్రతి పావుగంటకీ తెచ్చి చూపించేది. ఆయన కళ్లు మూసుకుని బొటనవేలు రెక్క మీద నడిపి "ఇక్కడ" అనేవారు. మళ్లీ వెళ్లేది. నాలుగు రోజులు ఇలా గడిచింది, ఇద్దరికీ బోర్ కొట్టలేదు. ప్లాస్టిక్ ముక్కుని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, 400తో మెరుపు విరగ్గొట్టాలి. అచ్చులో నుంచి వచ్చినప్పటి జిడ్డు ఉంటే రంగు పట్టదు. రెక్కల మొదట్లో పొంగిన జిగురు మరకలూ అంతే, తీసేయాలి. మోటారు దూరే గొట్టం మూతిలో, ముక్కు దూరేచోట టేపు వేసి మూసేయండి. అక్కడ రంగు పడితే మోటారు దూరదు, ముక్కు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే పారాచూట్ బయటికి రాదు. రాకెట్ పట్టుకోవడానికి ఒక కాగితం గట్టిగా చుట్టి మోటారు గొట్టంలో దూర్చితే అదే పిడి.

ఇప్పుడు అసలు సవాల్, ఏ రంగు. దుకాణంలో పదుల డబ్బాలుంటాయి. పేర్లు చూసి పరేషాన్ అవ్వకండి. లోపలి సరుకు స్థూలంగా మూడు జాతులు. ఎనామిల్ నూనె జాతి. నిదానంగా ఆరుతుంది, ఆరాక గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. లాకర్ థిన్నర్ జాతి, నిమిషాల్లో ఆరుతుంది, పల్చటి పొర. మూడోది నీళ్ల ఆక్రిలిక్. ఎనామిల్ మీద లాకర్ కొట్టారా, లాకర్‌లోని ద్రావకం కింది పొరను కొరికి, రంగంతా ముడతలు పడి లేస్తుంది. వయసు మళ్లిన చెంపలా ఉంటుంది. తిరగేసి, బాగా ఆరిన లాకర్ మీద ఎనామిల్ వేస్తే మామూలుగా ఏం కాదు. ఒకే కంపెనీ డబ్బాల్లో కూడా రెండు జాతులూ ఉంటాయి, కాబట్టి డబ్బా ముందువైపు అందమైన మూత చూసి కొనకండి, వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. ప్రైమర్, రంగు, పైన క్లియర్, మూడూ ఒకే జాతి అయితే ఆఫియత్.

చాలా ఎనామిల్ డబ్బాల మీద ఒక వింత నియమం ఉంటుంది. రెండో కోటు గంటలోపు వేయండి, లేదా 48 గంటల తర్వాత వేయండి అని. మధ్యలో ఎందుకు వద్దు? గంటలోపు పొరంతా తడిగానే ఉంటుంది, కొత్తది అందులో కలిసిపోతుంది. రెండు రోజులకు పూర్తిగా గట్టిపడుతుంది. మధ్యలో పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. అప్పుడు కొడితే ద్రావకం లోపలికి దిగి, కింద ఉబ్బి, ముడత లేస్తుంది. పాల మీద మీగడ ఎలా ముడుచుకుంటుందో చూశారుగా.

48 గంటలన్నది కూడా వెచ్చటి పొడి రోజుల లెక్క. చలికాలంలో ఇంకా పడుతుంది. రాకెట్లు చేసే అమెరికన్లు దీనికి ఒక సాదా పరీక్ష పెట్టుకున్నారు. ముక్కు దగ్గర పెట్టి చూడు, రంగు వాసన వస్తే ద్రావకం ఇంకా వెళ్తూనే ఉంది, ఆగు. వాసన లేకపోతే ఆరినట్టు. ఈ మాట నేను చదివి వినిపిస్తే అబ్బా నవ్వారు. "మా ఉస్తాద్ కూడా ఇదే చెప్పాడు. నాకు ఐదేళ్లే పనికొచ్చింది" అన్నారు. తర్వాత మనవరాలిని పిలిచి, "నువ్వే నా ముక్కు" అన్నారు. అప్పటి నుంచి స్కూలు నుంచి రాగానే దాని మొదటి పని గ్యారేజీలోకి వెళ్లి, వేలాడదీసిన రాకెట్ దగ్గర ఒక్క క్షణం ముక్కు పెట్టి వచ్చి రిపోర్టు ఇవ్వడం. "ఉంది దాదా." "ఇంకా ఉంది దాదా." "కొంచెమే ఉంది." ఆరో రోజు "లేదు" అంది. ఆ "లేదు" తెలుగులోనే అంది.

కొట్టడం నేను చేశాను. పెరట్లో ఒక పెద్ద అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి అదే బూత్ అనుకున్నాం. నాకు సగం ముఖానికి వచ్చే మాస్కు, రెండు వైపులా ఆవిరిని పట్టే డబ్బాలున్నది. కొవిడ్ రోజుల్లో వాడిన తెల్ల మాస్కు రంగు తుంపర్లను కాస్త ఆపుతుందేమో గానీ ద్రావకం ఆవిరిని ఆపదు, గుడ్డ రుమాల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అబ్బా గాజు తలుపు లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాట వినపడదు, సైగలే. చెయ్యి వెనక్కి ఊపితే దూరం పెంచమని. జానెడు దాటి, 25, 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. అరచెయ్యి గాలిలో కత్తిలా అడ్డంగా కదిపితే వేగం పెంచమని. ముందురోజు రాత్రే పాఠం చెప్పారు: గన్ బండి మీద మొదలవకూడదు, బండి మీద ఆగకూడదు. గాలిలో నొక్కు, బండి దాటించు, గాలిలోనే వదులు. మొదటి కోటు మంచు పడ్డట్టుండాలి, కింది రంగు కనిపించినా పరవాలేదు. రెండోదీ అంతే. మూడోది తడిగా. ఒకే కోటులో నింపేద్దామనుకుంటే కారుతుంది.

వాతావరణం కూడా చూసుకోవాలి. డబ్బాల మీద మామూలుగా 10 నుంచి 32 డిగ్రీల మధ్య కొట్టమని ఉంటుంది. చలిగా ఉంటే డబ్బాని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. మరిగే నీళ్లలో మాత్రం ఖబర్దార్, పేలుతుంది. గాలిలో తేమ ఉన్నరోజు లాకర్ తెల్లగా మసకబారుతుంది. బెజవాడలో వానాకాలం అబ్బావాళ్లు నిదానంగా ఆరే థిన్నర్ కలిపి గట్టెక్కేవారు. డబ్బా రంగులో ఏమీ కలపలేం కాబట్టి ఎండ వచ్చేదాకా ఇంతెజార్ ఒక్కటే దారి.

ఏ రంగు అన్నదానిలో షౌక్ ఎంత ఉందో అక్కల్ అంత ఉండాలి. ఆకుపచ్చ రాకెట్ గడ్డిలో దొరకదు. తెల్లది మబ్బుల్లో కలిసిపోతుంది. మా చిన్నది ఫ్లోరసెంట్ ఆరెంజ్ అంది, మంచి ఎంపికే, కానీ ఆ రంగు పల్చన. కింద తెల్ల కోటు లేకపోతే మురికిగా కనిపిస్తుంది. ఎండకి తొందరగా వెలిసిపోతుంది. ఆరాక మెరుపూ ఉండదు, కాబట్టి పైన క్లియర్ తప్పదు. రెక్కల్లో ఒకదానికి నలుపు వేద్దామన్నది నా మాట. జర్మన్లు వీ-2 రాకెట్‌ని పరీక్షించినప్పుడు నలుపు తెలుపు గళ్లు వేసింది అందుకే, గాలిలో తన చుట్టూ తాను తిరుగుతోందో లేదో కింది నుంచి కెమెరాలకు తెలియాలని. చంద్రుడి మీదికి వెళ్లిన సాటర్న్-5 మీది నలుపు పట్టీల వెనకా అదే ఆలోచన. నలుపు రెక్క దగ్గర అబ్బా లారీ పట్టీల కిటుకు చెప్పారు. టేపు వేశాక ముందు నలుపు కొట్టకు, టేపు అంచు మీద కింది రంగే, అంటే ఆరెంజే ఒకసారి కొట్టు. టేపు కిందికి కారేది ఏదైనా ఆరెంజే కారుతుంది, సందు మూసుకుపోతుంది. ఆ తర్వాత నలుపు. టేపు తీశాక గీత బ్లేడుతో కోసినట్టు వచ్చింది.

బరువు మాట కూడా చెప్పాలి. వంటింటి త్రాసులో రంగుకి ముందు తూచాం, 69 గ్రాములు. అన్నీ అయ్యాక 84. పదిహేను గ్రాములు, అంటే రెండు చిన్న ఖర్జూరాల బరువు. అంత పెద్ద రాకెట్‌కి నడుస్తుంది గానీ చిన్నవాటికి ఎత్తులో తేడా వస్తుంది. నాసా కూడా ఈ లెక్క చూసుకుంది. స్పేస్ షటిల్ పక్కన ఉండే పెద్ద ఇంధన ట్యాంకుకి 1981లో మొదటి రెండు ప్రయాణాల్లో తెల్ల రంగు వేశారు. మూడోసారి, 1982 నుంచి మానేశారు. దాదాపు 270 కిలోలు తగ్గింది. తర్వాత ఫొటోల్లో కనిపించే ఆ ఇటుక రంగు ట్యాంకు సహజ రంగు. రాకెట్‌లో ఇంకో చిక్కు ఏమిటంటే, రెక్కలన్నీ వెనక ఉంటాయి, రంగు ఎక్కువైతే బరువు వెనక్కి జరుగుతుంది, అది గాలిలో అడ్డంగా తిరిగే ప్రమాదం. మోటారు పెట్టి, బరువు సమంగా తూగేచోట దారం కట్టి, తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే సరే.

బొమ్మ దగ్గర ఇంట్లో ఒక బహస్ జరిగింది. లారీల మీద ఉన్నట్టు 786 రాయించమని మా ఆవిడ అంది. మాషా అల్లాహ్ అని రాద్దామని నేను. అబ్బా రెండూ వద్దన్నారు. "ఇది ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు. బురదలో పడొచ్చు, ఎవరి కాలి కిందో పడొచ్చు. బేఅద్బీ అవుతుంది. లారీ నేల మీద పడదు కదా" అన్నారు. బదులుగా పిల్లల ఆక్రిలిక్ రంగులు, నీళ్లతో కడుక్కునేవి, తెప్పించి గొట్టం మధ్యలో ఒక గులాబీ వేశారు. చేతులు కాస్త వణుకుతున్నాయి ఇప్పుడు. ముంజేతిని బల్లకి ఆనించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేశారు. ఐదు రెక్కలు, రెండు ఆకులు, ఒక మంచు బొట్టు. ఆ బొట్టులో చిన్న తెల్ల చుక్క పెట్టాక నిజంగా తడిగా ఉన్నట్టనిపించింది.

ఇక క్లియర్. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గొడవ దీని మీదే.

మా చిన్నది వీడియోల్లో గాజులా మెరిసే రాకెట్లు చూసింది. అవి రెండు భాగాల క్లియర్‌తో చేసినవి. డబ్బా అడుగున మీట నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. పెట్రోలు పడినా చెదరదు, అద్దంలా ఉంటుంది. వీడియో చూసి అబ్బా కళ్లు కూడా మెరిశాయి. "ఇదే! పీయూ వచ్చాక మేం కార్లకు కొట్టింది ఇదే. దీని చమక్‌కి ఏదీ సాటి రాదు. తెప్పించు బేటా" అన్నారు. నేను వద్దన్నాను. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. కార్లకు రంగులు కొట్టేవాళ్లకు పనిలో వచ్చే ఉబ్బసానికి పేరుమోసిన కారణం అది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి బిగుసుకుంటుంది. గన్‌తో కొట్టేటప్పుడు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉండాలంటారు, నా దగ్గరున్న డబ్బాల మాస్కు మీద భరోసా పెట్టలేం. ఇంట్లో పదకొండేళ్ల పిల్ల, గాజు తలుపు వెనక ఇన్‌హేలర్‌తో ఆయన.

"నేను లోపలే ఉంటా కదా" అన్నారు. "అబ్బా, ఇప్పటికి ప్రైమర్, తెలుపు, ఆరెంజ్, నలుపు, అన్నీ మీరు గాజు వెనక నుంచే చూశారు. ఈ ఆఖరిది మీ చేత్తో వేయాలి. మీరు వేయగలిగేదే తెస్తాను" అన్నాను. నీళ్లతో కలిసే క్లియర్, చెక్క సామాన్లకు వాడేది, బ్రష్‌తో వేసేది. ఆయన ముఖం వాడిపోయింది. గన్ పట్టిన ఉస్తాద్‌కి బ్రష్‌తో క్లియర్ వేయమనడం బేఇజ్జతీ. "అది గోడలకు సున్నం కొట్టేవాళ్ల పని" అన్నారు. రెండు రోజులు రాకెట్ ఊసే ఎత్తలేదు. పొద్దున ఫజర్ అయ్యాక కిటికీ దగ్గర కూర్చునేవారు, అంతే.

మూడో రోజు మా చిన్నది పేపర్ టవల్ అట్ట గొట్టం తెచ్చి, దానికి మా తెల్ల రంగు, ఆరెంజ్ పట్టీలుగా కొట్టించుకుంది. బాగా ఆరాక మూడు క్లియర్లు మూడు ఉంగరాల్లా వేశాం. ఎనామిల్ క్లియర్, లాకర్ క్లియర్, ఈ నీళ్లది. మొదటి రెండూ పెరట్లో నేనే కొట్టాను. మూడోది ఎవరూ అడగకుండానే బ్రష్ తీసుకుని ఆయనే వేశారు. డబ్బాలో పాలలా ఉంది. "ఇదేంటి, లస్సీయా?" అన్నారు. అరగంటకి ఆ తెలుపు మాయమై కింది రంగు బయటపడింది. ముక్కు లేకపోయినా అలవాటుగా వాసన చూశారు. లాకర్ ఉంగరం మర్నాటికే ముడుచుకుపోయింది, ఎనామిల్ మీద వేసింది కదా. ఎనామిల్ క్లియర్ అందంగా వచ్చింది. కానీ ఎండ తగిలే కిటికీలో మూడు వారాలు పెడితే తెలుపు మీద చాయ్ మరకలా పసుపు తేలింది. నీళ్లది అలాగే ఉంది. కాస్త మెత్తన, మెరుపు ఒక మెట్టు తక్కువ. అబ్బా ఆ గొట్టాన్ని వెలుతురులో చాలాసేపు తిప్పి, "పసుపు రాలేదు" అన్నారు. అంతకంటే ఒప్పుకోలు ఆయన దగ్గర దొరకదు.

మీరూ ఇలాంటి ముక్క మీద వేసి చూడకుండా ఏ క్లియరూ రాకెట్ మీద వేయకండి. వారాల మేహనత్ పోయేది ఈ ఆఖరి డబ్బా దగ్గరే. కాగితం నుంచి నీళ్లలో జారించి అతికించే బొమ్మలు ఉంటే మరీ జాగ్రత్త, తడి కోటు ఒక్కసారిగా పడితే అవి ముడుచుకుంటాయి.

ఆయన వేసిన తీరు చెబుతాను. కిటికీలు తెరిచి, స్పాంజ్ బ్రష్‌తో, గొట్టం పొడవునా ఒకే గీత. వేసినచోటికి మళ్లీ రాకూడదు. ఇది తొందరగా ఆరుతుంది, తిరిగి తాకితే గీతలు పడతాయి. డబ్బాని ఊపకూడదు, కలపాలి, ఊపితే బుడగలు. ఒక్కో కోటుకి రెండు గంటలు ఆగి, 600 వాటర్ పేపర్ తడిపి చేతి బరువు కూడా పెట్టకుండా తుడిచినట్టు రుద్దడం. తడి కాబట్టి దుమ్ము లేదు, ఇది ఆయనే చేసుకున్నారు. నాలుగు కోట్లు. తర్వాత రెండు వారాలు ముట్టుకోనివ్వలేదు. అప్పుడు 1500, 2000 పేపర్లు సబ్బు నీళ్లతో, ఆఖరికి పాత బనియన్ ముక్క మీద పాలిషింగ్ కాంపౌండ్. అందులో ఆయన చేతులు వణకలేదు, చిన్న చిన్న సున్నాల్లా తిరుగుతూ ఉన్నాయి. సాయంత్రానికి గొట్టం మీద మా వంటింటి ట్యూబ్‌లైటు రెండు అంచులూ వేరువేరుగా కనిపించాయి. "షెడ్డులో అయితే దీన్ని పాస్ చేసేవాణ్ణి" అన్నారు.

ఏప్రిల్‌లో ఊరి బయట ఒక పశువుల బీడులో ఎగరేశాం. పొగ తగలకుండా అబ్బాని గాలి వచ్చేవైపు కుర్చీ వేసి కూర్చోబెట్టాం. బటన్ నొక్కింది మా చిన్నదే. నలుపు రెక్క ఒక్కసారి మెల్లగా తిరగడం చూశాం, అంతే. తర్వాత ఆరెంజ్ చుక్క, తర్వాత పారాచూట్. దూరాన గడ్డిలో పడ్డా అందరి రాకెట్లకంటే ముందు మాదే దొరికింది. ఒక రెక్క అంచు రాయికి తగిలి గోరంత చెక్క కనిపించింది. గులాబీకేం కాలేదు.

జూన్‌లో ఆయన బెజవాడ వెళ్లిపోయారు. రాకెట్ ఇప్పటికి తొమ్మిదిసార్లు ఎగిరింది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది, వీడియో కాల్‌లో మరమ్మతు జరుగుతుంది. పోయిన వారం కూడా అంతే.

"లైటు పక్కనుంచి పట్టు గుడియా. ఆ... అక్కడ మచ్చ. ఏ పేపర్ తీసుకుంటావ్?"

"నాలుగు వందలు?"

"అరె, 600తో మొదలుపెట్టు. నీళ్లలో ముంచి."

ఫోన్‌ని బల్ల మీద చక్కెర డబ్బాకి ఆనించి, గిన్నెలో నీళ్లు తేవడానికి వెళ్లింది. తెర మీద ఆయన, రాకెట్ కనిపించకపోయినా, అటే చూస్తూ కూర్చున్నారు.